బోర్లా ముక్క, వెల్లకిలా ముక్క

ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు. పంచేవాడు ఒక్కొక్కరికీ రెండు ముక్కలు బోర్లా, మూడోది వెల్లకిలా వేశాడు. మీరు బోర్లా ముక్కల అంచు కాస్త ఎత్తి చూసుకున్నారు. ఆఠీన్ జాకీ, ఆఠీన్ తొమ్మిది. వెల్లకిలా పడింది ఆఠీన్ ఆరు. మూడూ ఆఠీన్లే. ఇంకా నాలుగు ముక్కలు రావాలి, వాటిలో రెండు ఆఠీన్లు పడితే ఐదు ముక్కలు ఒకే గుర్తువి, అంటే కలర్. ఈ మూడు ముక్కలతో ఆడాలా, వద్దా?

కొత్తవాడు తన ముక్కల వంకే చూస్తూ జవాబు వెతుకుతాడు. ఆట తెలిసినవాడు తన ముక్కలను ఒక్కసారి చూసి కింద పెట్టేసి, మిగతా ఏడుగురి ముందు వెల్లకిలా పడి ఉన్న ముక్కల మీదికి చూపు తిప్పుతాడు. స్టడ్ పోకర్‌లో నన్ను కట్టిపడేసింది ఈ చూపే. సంభావ్యత అనే గణితశాఖను బడిలో నాణేలతో, సంచిలోని ఎర్ర బంతులూ నల్ల బంతులతో నేర్పుతారు. కొత్త సంగతి తెలిసిన ప్రతిసారీ పాత లెక్క ఎలా మారిపోతుందో మాత్రం ఈ ఆట చూపించినంత స్పష్టంగా నాకు ఏ పాఠ్యపుస్తకమూ చూపించలేదు. అందుకే దీన్ని డబ్బుతో కాకుండా చింతగింజలతో ఆడే ఆటగా, ఒక లెక్కల ప్రయోగంగా ఇక్కడ విప్పి చూద్దాం.

ముందు ఆట తీరు. పోకర్‌లో చాలా రకాలున్నాయి. ముక్కలన్నీ చేతిలోనే దాచుకుని కొన్నింటిని మార్చుకునేది డ్రా పోకర్. నడిమధ్యలో వేసిన ముక్కలను అందరూ కలిసి వాడుకునేది హోల్డెమ్. స్టడ్‌లో ఎవరి ముక్కలు వారివే, కానీ కొన్ని దాగి ఉంటాయి, కొన్ని అందరికీ కనబడుతూ ఉంటాయి. అమెరికా అంతర్యుద్ధం నాటి రోజుల్లో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. పాతది ఐదు ముక్కల స్టడ్: ఒకటి బోర్లా, నాలుగు వెల్లకిలా. స్టీవ్ మెక్వీన్ నటించిన 1965 నాటి ‘ది సిన్సినాటి కిడ్’ సినిమాలో ఆడేది అదే. తరవాత ఏడు ముక్కల స్టడ్ దాన్ని వెనక్కి నెట్టింది. మనం మాట్లాడుకునేది దీని గురించే.

పంచకముందే అందరూ తలా కొంచెం మధ్యలో వేస్తారు. దాన్ని యాంటె అంటారు. మన లెక్కకు తలా 2 గింజలు అనుకుందాం, ఎనిమిది మందికి 16. మూడేసి ముక్కలు పడ్డాక, వెల్లకిలా ముక్కల్లో అన్నిటికంటే చిన్నది ఎవరిదో వాళ్ళు తప్పనిసరిగా చిన్న పందెం కట్టాలి. ఇది బ్రింగ్‌-ఇన్, 3 గింజలు అనుకుందాం. రెండు ముక్కలు సమానంగా చిన్నవైతే గుర్తును బట్టి తేలుస్తారు: కళావరు అన్నిటికంటే కింద, ఆపైన డైమను, ఆఠీన్, ఇస్పేటు. గుర్తుల్లో ఎక్కువ తక్కువలు చూసేది ఇక్కడే. గెలుపు ఓటములు తేల్చేటప్పుడు నాలుగు గుర్తులూ సమానమే.

ఆ తరవాత ఎడమ పక్కనుంచి వరసగా ఒక్కొక్కరూ తేల్చుకోవాలి: ముక్కలు పడేసి తప్పుకోవడం (ఫోల్డ్), ఉన్న పందానికి సరిపడా వేసి నిలబడడం (కాల్), పందెం పెంచడం (రైజ్). రమ్మీ ఆడేవాళ్ళు డ్రాప్ అంటారే, ఫోల్డ్ అదే. ఈ విడత ముగిశాక నాలుగో ముక్క వెల్లకిలా, మళ్ళీ పందెం. ఐదోదీ ఆరోదీ అలాగే. ఏడోది మాత్రం బోర్లా. ఒక్కో విడతను అమెరికన్లు ‘స్ట్రీట్’ అంటారు. మనం వీధి అనుకుంటే మూడో వీధి నుంచి ఏడో వీధి దాకా నడక ఇది. నాలుగో వీధి నుంచి ఎవరి ముందు పెద్ద ముక్కలు కనిపిస్తున్నాయో వాళ్ళే ముందు మాట్లాడాలి. అప్పటికి పందెం ఏమీ లేకపోతే డబ్బు వేయకుండా ‘చెక్’ అని ఊరుకోవచ్చు. చివరిదాకా మిగిలినవాళ్ళు ఏడు ముక్కల్లో మంచి ఐదు ఏరుకుని చూపిస్తారు.

ఈ ఆటలో పందెం సాధారణంగా ఇష్టమొచ్చినంత పెట్టడానికి వీల్లేదు. మూడు, నాలుగు వీధుల్లో చిన్న పందెం, మనకు 10 గింజలు. ఐదో వీధి నుంచి అది రెట్టింపు, 20. ఈ రెట్టింపు సంగతి గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

ఇక ఏ చేతికి ఏది పైన? ఏ జతా కుదరని చేయి అన్నిటికంటే కింద. దానిమీద ఒక జత, రెండు జతలు, ఒకే అంకెవి మూడు, వరుస, కలర్, ఫుల్ హౌస్ అంటే మూడొకటి రెండొకటి, ఒకే అంకెవి నాలుగూ, అన్నిటిపైన ఒకే గుర్తులో వరుస. ఐదు ముక్కలే పంచే ఆటలో ఈ వరసకు కారణం సూటిగా ఉంటుంది. 52 ముక్కల నుంచి ఐదు ఎంచుకునే తీర్లు 25,98,960. వాటిలో కలర్ 5,108 తీర్లలోనే కుదురుతుంది, వరుస 10,200 తీర్లలో. కాబట్టి కలర్ పైన, వరుస కింద. అరుదైనదానికి విలువ.

ఏడు ముక్కలకు వచ్చేసరికి ఇందులో ఒక చిక్కు పడుతుంది. మొత్తం తీర్లు 13,37,84,560. వాటిలో ఒక జత 43.8 శాతం, రెండు జతలు 23.5 శాతం. ఏ జతా లేని ఉత్త చేయి? 17.4 శాతమే. అంటే అట్టడుగున ఉన్న చేయి దాని పైనున్న రెండింటికంటే అరుదు! మరి న్యాయంగా దాన్ని పైకి ఎక్కించాలి కదా? ఎక్కిస్తే ఏమవుతుందో ఊహించండి. ఏడు ముక్కల్లో ఒక జత ఉన్నవాడి దగ్గర వేర్వేరు అంకెలు ఆరు ఉంటాయి. వాడు జతలో ఒకదాన్ని పక్కన పడేసి, జత లేని ఐదు ముక్కలు ఏరుకుని ‘నాదీ ఉత్త చేయే’ అంటాడు. రెండు జతలున్నవాడి దగ్గరా వేర్వేరు అంకెలు మామూలుగా ఐదు ఉంటాయి, వాడూ అదే మాటంటాడు. క్షణంలో ఉత్త చేయి అన్నిటికంటే మామూలు చేయి అయిపోతుంది. ఐదు ముక్కలు ఏరుకునే స్వేచ్ఛ ఉన్నంతకాలం ఈ చిక్కు విడదు. పాత వరసే నిలబడింది.

ఇప్పుడు మన మూడు ఆఠీన్ల దగ్గరకు వెళదాం.

బల్ల మీది మిగతా ముక్కలు చూడకుండా లెక్క కడితే ఇలా ఉంటుంది. మనకు తెలియని ముక్కలు 49, వాటిలో ఆఠీన్లు 10. రాబోయే నాలుగు ముక్కల్లో కనీసం రెండు ఆఠీన్లు కావాలి. అలా పడే అవకాశం 18 శాతం. చాలామంది ఈ అంకె బట్టీపట్టి ఆటకు కూర్చుంటారు. కానీ మన ముందు ఏడు ముక్కలు వెల్లకిలా ఉన్నాయి. అవి మనకు తెలియనివి కావు. తెలియనివి 42 మాత్రమే. ఆ ఏడింటిలో ఆఠీన్ ఒక్కటీ లేదనుకోండి, పదికి పదీ ఇంకా కట్టలోనో బోర్లా ముక్కల్లోనో ఉన్నట్టే. అప్పుడు కలర్ పడే అవకాశం 23.6 శాతం. అలాకాక ఏడింటిలో మూడు ఆఠీన్లు కనబడుతున్నాయనుకోండి. ఇస్పేటు రాజు, కళావరు రెండు, ఆఠీన్ పది, డైమను ఏడు, ఆఠీన్ నాలుగు, కళావరు రాణి, ఆఠీన్ ఆసు. అప్పుడు మిగిలినవి ఏడే ఆఠీన్లు. అవకాశం 12.3 శాతానికి పడిపోతుంది.

మీ చేతిలో ముక్కలు మారలేదు. జాకీ, తొమ్మిది, ఆరు అవే. అయినా ఒక బల్ల దగ్గర వాటి విలువ ఇంకో బల్ల దగ్గరి విలువకు దాదాపు సగం. ఆటగాళ్ళ భాషలో, ఇంకా బయటపడని ముక్కలు ‘బతికున్నవి’, ఎదుటివాళ్ళ ముందు పడిపోయినవి ‘చచ్చినవి’. జతల సంగతీ అంతే. మీకు రెండు తొమ్మిదులు పడ్డాయనుకోండి. మిగతా రెండూ బతికుంటే నాలుగు ముక్కల్లో కనీసం ఒక తొమ్మిది వచ్చే అవకాశం 18 శాతం పైమాటే. ఒకటి చస్తే తొమ్మిదిన్నర శాతం. రెండూ చస్తే సున్న. సున్నకోసం గింజలు కట్టేవాళ్ళను నేను చాలామందినే చూశాను. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. తమ జత చూసుకున్న సంబరంలో తలెత్తలేదు, అంతే.

పాచికలకూ పేకముక్కలకూ ఉన్న అసలు తేడా ఇక్కడుంది. పాచిక వేసిన ప్రతిసారీ కొత్త పుట్టుకే. వరసగా ఐదుసార్లు ఆరు పడినా ఆరోసారి దాని అవకాశం మారదు. పేక అలా కాదు. కట్టలోంచి వెళ్ళిన ముక్క ఆ ఆట ముగిసేదాకా తిరిగి రాదు. అంటే కట్టకు జరిగిందంతా గుర్తుంటుంది.

ఇది తలచుకున్నప్పుడల్లా నాకు భారతంలోని నలోపాఖ్యానం గుర్తొస్తుంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడనే రాజు రథం తోలుతుంటాడు. దారిలో తాండ్రచెట్టు కనబడితే ఋతుపర్ణుడు దాని కొమ్మల మీద ఆకులెన్నో కాయలెన్నో చూసి చెప్పేస్తాడు. నలుడు నమ్మడు. చెట్టు కొట్టి లెక్కపెట్టి చూస్తే సరిపోతుంది. అప్పుడు అశ్వవిద్య ఇచ్చి అక్షహృదయమనే జూద విద్య పుచ్చుకుంటాడు. ఆ కాలపు జూదంలో వాడింది కూడా తాండ్రకాయలే. కనబడే కొంచెంతో కనబడని మొత్తాన్ని అంచనా కట్టే విద్యనూ జూదం మర్మాన్నీ మన పూర్వులు ఒకే కథలో ఒకే మనిషి చేతిలో పెట్టారు. సంభావ్యత చరిత్ర రాసే పండితులు కూడా ఈ ఘట్టాన్ని ప్రస్తావిస్తుంటారు. స్టడ్ బల్ల దగ్గర కూర్చున్నవాడు చేసేదీ ఆ పనే. కొన్ని వెల్లకిలా ముక్కలు చూసి బోర్లా ముక్కల గురించి మాట్లాడతాడు.

అవకాశం ఎంతో తెలిస్తే సరిపోదు, దానికి ఎంత ధర కడుతున్నామో కూడా తెలియాలి. మన ఆటనే ముందుకు నడిపిద్దాం. కళావరు రెండు ఉన్నవాడు తప్పనిసరి 3 వేశాడు. ఇస్పేటు రాజు ఉన్నాయన పందాన్ని 10కి పెంచాడు. మీరు 10 వేసి నిలబడ్డారు. మిగతావాళ్ళంతా తప్పుకున్నారు. మధ్యలో 16, 3, 10, 10 కలిపి 39 గింజలు. నాలుగో వీధిలో ఆయన 10, మీరు 10. ఐదో వీధిలో ఆయన 20, మీరు 20. మొత్తం 99. ఆరో వీధికి మీ దగ్గర నాలుగు ఆఠీన్లు చేరాయి. ఆయన మళ్ళీ 20 వేశాడు. మధ్యలో 119 ఉన్నాయి, ఆఖరి ముక్క చూడాలంటే మీరు 20 కట్టాలి.

మీరు చూసిన ముక్కలు: మీవి ఆరు, ఆయన ముందున్నవి నాలుగు, తప్పుకున్నవాళ్ళ ఆరు. చూడనివి 36. బల్ల మీద మీవి తప్ప ఒక్క ఆఠీనూ పడకపోయి ఉంటే మిగిలినవి తొమ్మిది, అంటే సరిగ్గా నాలుగింట ఒక అవకాశం. నాలుగుసార్లు ఇదే పరిస్థితి వస్తే మూడుసార్లు 20 చొప్పున 60 పోతాయి, ఒకసారి 119 వస్తాయి. నిస్సందేహంగా కట్టాలి. మరి ఆ మూడు ఆఠీన్లూ మొదటే కనబడి, దారిలో ఆయన ముందు ఇంకొకటి కూడా పడి ఉంటే? మిగిలినవి ఐదు. 36 సార్లలో 5 సార్లు 119 చొప్పున 595 వస్తాయి, 31 సార్లు 20 చొప్పున 620 పోతాయి. నష్టమే, కానీ ఎంత? సగటున ఒక గింజకంటే తక్కువ. కలర్ పడ్డప్పుడు చివరి వీధిలో ఆయన నుంచి ఇంకో 20 రాబట్టగలిగితే లాభమే కూడా. ఆయనకు ఫుల్ హౌస్ పడి మీ కలర్ ఓడే ప్రమాదం కొంత ఉంది, అది తీసేసినా దాదాపు సరిసమానం.

ఇది చూసి మొదటిసారి నేను ఆశ్చర్యపోయాను. దాదాపు సగం చచ్చిపోయిన ఆఠీన్ల కోసం కూడా ఆరో వీధిలో గింజలు కట్టడం పెద్ద తప్పు కాదట! ఎందుకంటే అప్పటికే మధ్యలో కుప్ప పెరిగిపోయింది. కుప్పలో మీరు పోసినవి కూడా ఉన్నాయి. అవి ఇక మీవి కావు, వాటి గురించి బెంగ పడి లాభం లేదు, కానీ కుప్ప పెద్దది కాబట్టి ఆఖరి ముక్క చవకగా దొరుకుతోంది. మరి తప్పు ఎక్కడ జరిగింది? మూడో వీధిలో. 12.3 శాతం అవకాశాన్ని చేతబట్టుకుని, ముందు 10, తరవాత 10, ఆపైన 20, మళ్ళీ 20 కట్టాల్సిన దారిలోకి అడుగుపెట్టారు చూడండి, అక్కడ. ఆ మొదటి 10 గింజలు ఒక్క ముక్క ధర కావు, మొత్తం దారికి బయానా.

అందుకే ఈ ఆటలో పందెపు వ్యూహమంతా మొదటి మూడు ముక్కల దగ్గరే కేంద్రీకరిస్తారు. మూడు ముక్కలు పడే తీర్లు 22,100. వాటిలో మూడూ ఒకే అంకెవి పడేవి 52 మాత్రమే, అంటే 425 ఆటలకు ఒకసారి. జత పడేది 17 శాతం. మూడూ ఒకే గుర్తుగా పడేది 5 శాతం. మిగతావన్నీ ఎక్కువభాగం పడేయాల్సినవే. పెద్ద జత ఉంటే పందెం పెంచి పోటీదారులను తగ్గించాలి, ఎందుకంటే జత ఒక్కరి మీదైతే గెలుస్తుంది, ఐదుగురి మీద గెలవడం కష్టం. జతలో రెండు ముక్కలూ బోర్లా ఉంటే ఇంకా మంచిది, మీ బలం ఎదుటివాడికి కనబడదు. కలర్ కోసమో వరుస కోసమో ఉంటే దీనికి తలకిందులు: తక్కువ ధరకు, ఎక్కువమందితో, ముక్కలన్నీ బతికుండగా. మూడు ఆఠీన్లతో ఉండి నాలుగో ముక్క ఆఠీన్ కాకపోతే సాధారణంగా అక్కడే ఆగిపోవాలి. అన్నీ బతికుంటే అది ఆఠీన్ అయ్యే అవకాశం 24 శాతం, మూడు చస్తే సరిగ్గా ఆరింట ఒకటి. ఐదో వీధిలో పందెం రెట్టింపు అవుతుందని ముందే చెప్పుకున్నాం. ఆ గడప దాటారంటే ఇక చివరిదాకా వెళ్ళేవాళ్ళే ఎక్కువ. కుప్పే లాక్కుపోతుంది.

ఇప్పటిదాకా ముక్కల మాటే. మనిషి మాట? ఇస్పేటు రాజు ముందు పెట్టుకుని పందెం పెంచినాయన దగ్గర ఇంకో రాజు బోర్లా ఉందా? కనబడని 42 ముక్కల్లో మిగతా రాజులు మూడు. ఆయన రెండు బోర్లా ముక్కల్లో కనీసం ఒకటి రాజు అయ్యే అవకాశం 14 శాతం. ఇది ఆయన ఏమీ చేయకముందు మాట. ఆయన పందెం పెంచాడు, అంటే కొత్త సంగతి తెలిసింది. రాజుల జత ఉంటే ఆయన తప్పకుండా పెంచుతాడు అనుకుందాం. లేనప్పుడు కూడా పదిసార్లకు ఒకసారి పెంచే మనిషైతే, జత ఉన్న అవకాశం 14 నుంచి 62 శాతానికి ఎగబాకుతుంది. లేనప్పుడు పదికి మూడుసార్లు పెంచే దూకుడు మనిషైతే 35 శాతం దగ్గరే ఆగిపోతుంది. అదే ముక్క, అదే పందెం, మనిషిని బట్టి వేరే అర్థం. పద్దెనిమిదో శతాబ్దంలో థామస్ బేయ్స్ అనే ఇంగ్లండు మతబోధకుడు ఆలోచించిన సూత్రం ఇదే. వైద్య పరీక్షలో పాజిటివ్ వచ్చినవాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళెందరో అంచనా కట్టేదీ ఇదే సూత్రంతో.

రహస్యలిపి విప్పే పనికి పేరుపడ్డ హెర్బర్ట్ యార్డ్‌లీ అనే అమెరికన్ 1957లో పోకర్ మీద పుస్తకం రాశాడు. మొదటి ప్రపంచయుద్ధం తరవాత అమెరికా గూఢలిపి విభాగాన్ని నడిపినవాడు ఆయన. అడపాదడపా కనబడే అక్షరాలను బట్టి దాగిన వాక్యాన్ని పట్టుకునే మనిషికి స్టడ్ నచ్చడంలో వింతేముంది?

ఏడో ముక్కను బోర్లా ఎందుకు వేస్తారన్నది నన్ను చాలాకాలం ఆలోచనలో పెట్టిన ప్రశ్న. అదీ వెల్లకిలా పడితే చివరి వీధిలో అబద్ధానికి చోటు చాలా తగ్గిపోతుంది. అబద్ధం ఆడటం, పోకర్ మాటలో బ్లఫ్, ఈ ఆటలో అల్లరి కాదు, గణితం. 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ అనే హంగేరీ గణితవేత్త ఇలాంటి ఆటల మీద సిద్ధాంతపత్రం రాశాడు. 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకర్‌కు ప్రత్యేకంగా ఒక భాగమే ఇచ్చాడు. ఆటను బాగా సరళం చేసి లెక్క కడితే తేలిందేమిటంటే, సరిగ్గా ఆడేవాడు చాలా మంచి చేతులతోనూ పందెం కడతాడు, చాలా చెత్త చేతులతోనూ కడతాడు, నడిమి చేతులతో ఊరుకుంటాడు. నడిమి చేయి ఊరుకుంటేనే గెలిచే ఆశ ఉన్నది. చెత్త చేతికి ఆ ఆశ లేదు, అబద్ధం ఒక్కటే దారి. 1950లో హెరాల్డ్ కూన్ దీన్ని ఇంకా కుదించి రాజు, రాణి, జాకీ అనే మూడే ముక్కల ఆట చేశాడు. ఇద్దరు ఆటగాళ్ళు, తలా ఒక ముక్క. జాకీ పట్టుకున్న రెండో ఆటగాడు, ఎదుటివాడు చెక్ అన్నప్పుడు, మూడింట ఒకసారి అబద్ధపు పందెం కట్టాలి. ఎక్కువా కాదు, తక్కువా కాదు.

మన ఆటలో ఎన్నిసార్లు? ఆరో వీధి తరవాత కుప్ప 139. చివరి పందెం 20. మీరు పందెం కట్టారంటే, ఆయన 20 పెట్టి 159 గెలిచే అవకాశం కొంటున్నట్టు. తొమ్మిదింట ఒకసారి మీరు అబద్ధమాడుతున్నా ఆయన కాల్ అనడానికి అది చాలు. కాబట్టి మీరు పెట్టే తొమ్మిది పందేల్లో ఎనిమిది నిజం, ఒకటి అబద్ధం అయితే ఆయనకు కాల్ అన్నా ఫోల్డ్ అన్నా దాదాపు ఒకటే, మిమ్మల్ని పట్టుకునే దారి లేదు. అటునుంచి చూస్తే, ఆయన ఎనిమిదింట ఒకసారి కంటే ఎక్కువగా భయపడి తప్పుకుంటే మీ ప్రతి అబద్ధమూ లాభమే. కుప్ప పెద్దదై పందెం చిన్నదైనప్పుడు అబద్ధాలు తక్కువ ఉండాలి, కాల్‌లు ఎక్కువ ఉండాలి. సినిమాల్లో చూపించే కళ్ళల్లోకి కళ్ళు పెట్టి చూసే వీరత్వం అక్కర్లేదు, ఈ నిష్పత్తి తెలిస్తే చాలు.

ఈ లెక్కలన్నిటికీ చూసిన ముక్కలే ఆధారం, కానీ తప్పుకున్నవాళ్ళ ముక్కలను ఆటలోంచి తీసేస్తారు. ఒక్కసారి పడేశాక మళ్ళీ కనబడవు. అవన్నీ గుర్తుండాలి. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగలిగినవి ఏడుకు అటూఇటుగా ఉంటాయని రాశాడు. మొదటి విడతలోనే ఎదుట ఏడు ముక్కలు! దీనికి ఉపాయం అన్నీ గుర్తుపెట్టుకోకపోవడమే. మీకు కావాల్సినవి ఆఠీన్లు, జాకీలు, తొమ్మిదులు, ఆరులు. అవి ఎన్ని పడ్డాయో అంతే పట్టుకోండి. ‘ఆఠీన్లు మూడు, మిగతావి సున్న’ అని మనసులో రెండు మాటలు. 1973లో చేజ్, సైమన్ అనే పరిశోధకులు చదరంగం ఆటగాళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో కూడా ఇదే తేలింది. నిజమైన ఆటలోని పావుల అమరికను దిట్టలు ఇట్టే గుర్తుపెట్టుకున్నారు. పావులను ఇష్టమొచ్చినట్టు చల్లేస్తే వాళ్ళూ తడబడ్డారు. జ్ఞాపకశక్తి అనుకునేది చాలావరకు అర్థాన్ని చూడగలగడమే.

మన ఇళ్ళల్లో రమ్మీ ఆడేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఎవరు ఏ ముక్క పడేశారో, ఏది ఎత్తుకున్నారో తెలియకుండా రమ్మీలో నిలవలేరు. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించినప్పుడు చూపిన కారణాల్లో ఇదొకటి: పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టపు ఆటగానే చూసింది. ఆ తరవాత కాలం మారింది. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపింది. ఇది సబబేనని నా అభిప్రాయం. లెక్క ప్రకారమే చెబుతున్నాను. ఆట నడిపేవాడు ప్రతి కుప్పలోంచీ కొంత కోసుకుంటాడు. ఆటగాళ్ళందరి లాభనష్టాలూ కలిపితే సున్నకంటే తక్కువే వస్తుంది. నైపుణ్యం ఒకరిని కాపాడవచ్చు, అందరినీ ఎన్నటికీ కాపాడలేదు. ఆ నైపుణ్యం బయటపడటానికీ చాలా కాలం పడుతుంది. వంద రెట్లు ఎక్కువ ఆటలు ఆడితే నైపుణ్యం తెచ్చే లాభం వంద రెట్లు పెరుగుతుంది, అదృష్టం ఊపే ఊపు పది రెట్లే పెరుగుతుంది. అంటే దీర్ఘకాలంలో నైపుణ్యానిదే పైచేయి. కానీ ఒక్క రాత్రిలో రెండింటినీ విడదీసి చూడటం ఎవరి వల్లా కాదు, ఆ రాత్రే ఇల్లు గుల్ల కావచ్చు. చింతగింజలతో ఆడితే ఈ గణితం మొత్తం చేతికి దక్కుతుంది.

అమెరికాలో కూడా స్టడ్ వైభవం తగ్గింది. ఒకప్పుడు, ముఖ్యంగా తూర్పుతీరపు అట్లాంటిక్ సిటీలో, పోకర్ అంటే ఇదే. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ప్రపంచ పోకర్ పోటీలో గెలిచాక అందరూ హోల్డెమ్ వైపు మళ్ళారు. అయినా ఐదు రకాల పోకర్‌ను మార్చి మార్చి ఆడే ‘హార్స్’ పోటీల్లో మూడు రకాలు స్టడ్ కుటుంబానివే. 2006లో ఆ ప్రపంచ పోటీల్లో మొదటిసారి యాభై వేల డాలర్ల ప్రవేశరుసుముతో హార్స్ ఆడించినప్పుడు గెలిచింది చిప్ రీస్. 1970ల చివర్లో డాయిల్ బ్రన్సన్ తెచ్చిన పేరుపడ్డ పోకర్ గ్రంథంలో ఏడు ముక్కల స్టడ్ అధ్యాయం రాసింది ఈ రీసే.

మళ్ళీ మన బల్ల. ఆఠీన్ పది, నాలుగు, ఆసు ఎదుట పడి ఉన్నాయి. ఇస్పేటు రాజు 10కి పెంచాడు. ఈసారి మీరు మూడు ముక్కలూ బోర్లా తిప్పి ముందుకు నెట్టేశారు. పోయినవి రెండు గింజలు. లేచి మంచినీళ్ళకు వెళ్ళకండి. ఇస్పేటు రాజుగారితో కళావరు రాణి నిలబడింది, ఆట ఏడో వీధి దాకా వెళ్ళేట్టుంది. ఆయన చివర ముక్కలు తిప్పినప్పుడు రెండో రాజు మొదటి నుంచీ బోర్లా ఉందో, లేక ఏమీ లేకుండానే పెంచాడో కనబడుతుంది. పదికి ఒకసారా, పదికి మూడుసార్లా అని ఇందాక మనం ఊహించి వేసిన అంకె ఉంది చూడండి, దాని స్థానంలో వేయాల్సిన నిజమైన అంకెకు మొదటి గీత అప్పుడు పడుతుంది.